గడియారం లేని డబ్బా

కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి రెండు సందుల అవతల ఓ ఇల్లు. ఆ ఇంటి వంటగదిలో ఫ్రిజ్ మీద ఓ చిన్న డబ్బా ఉంటుంది. ఆ డబ్బాకి నోరుంది! రోజూ పొద్దున ఏడున్నరకి 'అమ్మా, ఏడున్నరయింది. సూది వేసుకుని, అరగంటాగి టిఫిన్ తిను' అని చెబుతుంది. రాత్రి ఏడున్నరకి మళ్లీ ఓసారి గుర్తుచేస్తుంది. గొంతు డాలస్‌లో ఉన్న కూతురిది. డబ్బా చేసింది నాన్న.

ఆయన ఫిజిక్స్ సారు. నల్గొండ జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి, రిటైరయ్యాక కర్మన్‌ఘాట్‌లో స్థిరపడ్డారు. వయసు డెబ్బైకి దగ్గరపడినా చేతులు ఊరుకోవు. పాడైన మిక్సీ అయినా, పక్కింటివాళ్ల కాలింగ్‌బెల్ అయినా ఆయన బల్లమీదికి రావాల్సిందే.

ఆయన ఇల్లాలికి ఇరవై ఏళ్లుగా షుగరు. దానివల్ల చూపు బాగా తగ్గింది. ఫోన్లో అలారం మోగితే ఎక్కడ నొక్కి ఆపాలో కనబడదు. గోడ గడియారంలో ముళ్లు కనబడవు. ఇన్సులిన్ పెన్ను మాత్రం టిక్కుటిక్కుమనే చప్పుడు లెక్కపెట్టుకుని తనే వేసుకుంటారు. ప్రతిదానికీ ఒకరి మీద ఆధారపడటం ఆమెకు గిట్టదు. అందుకే సారు 2020లో ఈ డబ్బా తయారుచేశారు.

దాని లోపల ఉన్నది రాస్ప్‌బెర్రీ పై 4. పేరు వింటే ఏదో తినే పదార్థమనిపిస్తుంది కానీ, అది ఏటీఎం కార్డంత పలక మీద ఇమిడిపోయిన పూర్తిస్థాయి కంప్యూటర్. ప్రాసెసర్, ర్యామ్, యూఎస్‌బీ, టీవీకి కలుపుకునే రేవులు... అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి. సారు దానికి పాత స్పీకరొకటి తగిలించారు. ఓ పక్కన పెద్ద ఎర్ర బటన్ బిగించారు. గొంతు వినబడ్డాక సూది వేసుకుని ఆమె ఆ బటన్ నొక్కాలి. పది నిమిషాల్లో నొక్కకపోతే డబ్బా మళ్లీ పిలుస్తుంది. ఐదేళ్లు ఒక్కరోజు కూడా తప్పలేదు.

2025 మే నెలలో తప్పింది.

బిడ్డ చెప్తే తప్పెట్లయితది?

ఆ రోజు సారు ఊళ్లో లేరు. దగ్గరి చుట్టాల పెళ్లికని ముందురోజే నల్గొండ వెళ్లారు. అర్ధరాత్రి దాటాక గాలివాన. రెండింటికి కరెంటు పోయింది. ఫ్రిజ్ ఉన్న ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను లేదు. తెల్లవారుజామున ఐదింటికి కరెంటు వచ్చింది కానీ, గాలికి ఎక్కడో కేబుల్ తెగి ఇంటర్నెట్ రాలేదు.

ఆమె ఎప్పట్లాగే లేచారు. పాలతను వచ్చి వెళ్లాడు. ఎండ వంటింటి గడపదాకా వచ్చింది. డబ్బా మాట్లాడలేదు. ఎనిమిదయి ఉంటుందని అంచనా వేసుకుని, తనంతట తనే సూది వేసుకుని, ఇడ్లీ తిన్నారు. అంతా సవ్యంగానే ఉంది.

పదిన్నర దాటాక డబ్బా నోరు తెరిచింది. 'అమ్మా, ఏడున్నరయింది. సూది వేసుకుని...'

ఆమెకు అనుమానం వచ్చింది. పొద్దున వేసుకున్నది నిజమేనా? అది నిన్నటి సంగతేమో? చూపు సరిగ్గా లేని మనిషికి ఒక రోజుకీ ఇంకో రోజుకీ తేడా అంత తేలిగ్గా దొరకదు. మళ్లీ సూది వేసుకున్నారు.

పన్నెండు కాకముందే ఒళ్లంతా చల్లటి చెమటలు. చేతులు వణికాయి. అదృష్టం బాగుండి పక్కింటావిడ కరివేపాకు కోసం వచ్చింది. విషయం అర్థమై గ్లాసెడు పంచదార నీళ్లు తాగించింది. గంటలో మనిషి తేరుకున్నారు. సాయంత్రం ఇంటికొచ్చిన సారుకి ఈ సంగతి తెలిసి కాళ్లలో సత్తువ పోయింది.

'రెండోసారి ఎట్ల వేసుకున్నవు?' అని అడిగితే ఆమె చెప్పిన జవాబు ఒక్కటే. 'బిడ్డ గొంతే గదండీ! బిడ్డ చెప్తే తప్పెట్లయితదనుకున్న.'

ఆ రాత్రి ఆయన డబ్బా విప్పి కూర్చున్నారు. బోర్డుకి ఏ జబ్బూ లేదు. నిజానికి దాని తప్పూ లేదు. ఎందుకంటే తనలో గడియారం ఉందని అది ఎన్నడూ చెప్పలేదు!

మామూలు డెస్క్‌టాప్ కంప్యూటర్ విప్పితే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ కనబడుతుంది. కరెంటు లేనప్పుడు కూడా లోపలి గడియారాన్ని నడిపేది అదే. రాస్ప్‌బెర్రీ పై 4 మీద అలాంటి ఏర్పాటు లేదు. ఇంటర్నెట్ ఉన్నంతసేపూ టైము ఎంతని బయటి సర్వర్లని అడిగి సరిచేసుకుంటుంది. నెట్ లేకపోతే? చివరిసారి కార్డులో రాసిపెట్టుకున్న సమయం నుంచే మళ్లీ లెక్క మొదలుపెడుతుంది. రెండింటికి నిద్రపోయి ఐదింటికి లేచి, 'ఇప్పుడు రెండే కదా' అనుకునే మనిషిలాగన్నమాట. ఆ మూడు గంటల తేడానే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

'సార్, కొత్తదాంట్లో గడియారం ఉంది'

సంగతి తెలిసి సారు పాత శిష్యుడొకరు ఎల్బీనగర్ నుంచి వచ్చాడు. హైటెక్ సిటీలో ఉద్యోగం. బ్యాగులోంచి ఓ చిన్న పెట్టె తీసి బల్లమీద పెట్టాడు. 'సార్, ఇది పై 5. దీంట్లో గడియారం పెట్టిండ్రు. పదిహేను రోజులు మీ దగ్గరే ఉంచుకోండి. నచ్చితే కొందాం.'

రాస్ప్‌బెర్రీ పై 5 గురించి ప్రపంచానికి తెలిసింది 2023 సెప్టెంబరు 28న. అమ్మకాలు అక్టోబరు చివర్లో మొదలయ్యాయి. పై 4 వచ్చిన నాలుగేళ్లకు వచ్చిన తమ్ముడిది. మొదట్లో 4 జీబీ ర్యామ్ ఉన్నది 60 డాలర్లకి, 8 జీబీది 80 డాలర్లకి ఇచ్చారు. తర్వాత 2024 ఆగస్టులో 2 జీబీ, 2025 జనవరిలో 16 జీబీ రకాలు వచ్చాయి.

సారు వెంటనే ఎగిరి గంతేయలేదు. ఫిజిక్స్ సారు కదా, ప్రయోగం చేయకుండా ఫలితం రాయరు. ఓ నోటుబుక్ తీసుకుని పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టారు. ఒకవైపు 'వచ్చినవి', రెండోవైపు 'పోయినవి'.

బోర్డుని చేతిలోకి తీసుకున్నప్పుడు ఆయనకు మరో గది గుర్తొచ్చింది. 1984లో కేంద్ర ప్రభుత్వం పిల్లలకు కంప్యూటర్ అక్షరాలు నేర్పాలని 'క్లాస్' పథకం మొదలుపెట్టింది. తొలి విడతలో దేశం మొత్తమ్మీద దాదాపు 250 బళ్లను ఎంపిక చేశారు. ఆ బళ్లకు వచ్చినవి బ్రిటన్‌లో ఎకార్న్ కంపెనీ తయారుచేసిన బీబీసీ మైక్రోలు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆయన వాటిని మొదటిసారి చూసింది అలాంటి బడిలోనే. కంప్యూటర్ గదికి తాళం. లోపలికి వెళ్లాలంటే చెప్పులు బయటే విడవాలి. యంత్రాల మీద గుడ్డలు కప్పి ఉండేవి. ఒక్కోదానికి 32 కిలోబైట్ల మెమరీ, 2 మెగాహెర్ట్జ్ వేగం.

ఆ ఎకార్న్‌లోనే సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనే ఇద్దరు ఇంజినీర్లు 1985లో ఆర్మ్ అనే కొత్తరకం ప్రాసెసర్‌కి ప్రాణం పోశారు. ఇవాళ మన సెల్‌ఫోన్లలో ఉన్నది ఆ వంశమే. రాస్ప్‌బెర్రీ పైలో ఉన్నదీ అదే. అంతేకాదు... 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకు అమ్మకానికొచ్చిన మొదటి రాస్ప్‌బెర్రీ పైకి కేంబ్రిడ్జిలోని ఎబెన్ అప్టన్ బృందం 'మోడల్ బి' అని పేరు పెట్టింది బీబీసీ మైక్రో మీద అభిమానంతోనే. కంప్యూటర్ సైన్స్ చదవడానికి వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారనీ, వాళ్ల చేతికి చవగ్గా ఓ కంప్యూటర్ ఇస్తే విప్పి చూసి నేర్చుకుంటారనీ వాళ్ల ఆలోచన.

శిష్యుడు తెచ్చింది 8 జీబీది. సారు నోటుబుక్‌లో లెక్క వేశారు. బీబీసీ మైక్రో కంటే దీని మెమరీ 2,62,144 రెట్లు! ఆ అంకె కింద రెండు గీతలు గీశారు. తర్వాత దాని పక్కనే ఇంకో మాట రాశారు... 'మన పనికి ఎంత కావాలి?'

వచ్చినవి

మొదటి వారం 'వచ్చినవి' గడి చకచకా నిండింది.

వేగం సంగతి ఒప్పుకోవాల్సిందే. పై 4 ప్రాసెసర్ 1.5 గిగాహెర్ట్జ్‌తో వచ్చింది. పై 5ది 2.4 గిగాహెర్ట్జ్, పైగా కొత్త తరం కోర్లు నాలుగు. మొత్తమ్మీద రెండు మూడు రెట్లు వేగమని తయారీదారుల మాట. సారు దాన్ని తన పద్ధతిలో పరీక్షించారు. వేసవి సెలవుల్లో కాలనీ పిల్లలు నలుగురు సాయంత్రాలు ఆయన దగ్గరికి వస్తారు. వాళ్లు నేర్చుకునే పాత డెస్క్‌టాప్ ఆ నెలలోనే కన్నుమూసింది. దాని స్థానంలో టీవీకి పై 5 కలిపి పిల్లల ముందు పెట్టారు. స్క్రాచ్‌లో బొమ్మల ప్రోగ్రాములు, ఇంకోపక్క బ్రౌజర్, మరోపక్క తెలుగులో టైపు చేసుకోవడానికి పోతన ఫాంటు. అన్నీ ఒకేసారి తెరిచినా తడబడలేదు. పై 4 మీద ఇదే పని చేస్తే పిల్లలు మౌసుని బల్లకేసి కొట్టేవారు!

రెండోది పవర్ బటన్. నవ్వొస్తుంది కానీ, పదేళ్లకు పైగా ఈ ప్రధాన బోర్డుల్లో ఒక్కదానికీ ఆ చిన్న మీట లేదు. వైరు పీకడమే ఆపడం. పై 5కి బటన్ వచ్చింది.

మూడోది మెమరీ కార్డు. ఇది రెట్టింపు వేగంతో చదువుతుంది. కార్డు వద్దనుకుంటే ఎస్‌ఎస్‌డీ తగిలించుకునేందుకు ప్రత్యేకంగా సన్నటి రేవు ఒకటి పెట్టారు. మాటిమాటికీ కరెంటు పోయేచోట కార్డులు చెడిపోవడం సారుకి అనుభవమే.

నాలుగోది అసలైనది. గడియారం. బోర్డు అంచున చిన్న సాకెట్, దానికి బ్యాటరీ తగిలిస్తే కరెంటు ఉన్నా లేకున్నా లోపల సమయం నడుస్తూనే ఉంటుంది.

సారు పరీక్ష పెట్టారు. నెట్ తీసేసి, బోర్డు వైరు పీకేసి, గంట తర్వాత మళ్లీ పెట్టారు. టైము చూస్తే గంట వెనక! ఇదేమిటి, గడియారం ఉందన్నారు కదా? కళ్లద్దాలు సవరించుకుని వివరాలు చదివితే తెలిసింది. గడియారమైతే ఉంది కానీ దానికి కావాల్సిన బ్యాటరీ పెట్టెలో ఉండదు. విడిగా కొనుక్కోవాలి. అది రీచార్జి చేసుకునే రకమైతే, దాన్ని ఛార్జి చేసే ఏర్పాటు కూడా మొదట ఆపేసి ఉంటుంది. మనమే సెట్టింగుల్లోకి వెళ్లి చెప్పాలి. 'పెళ్లికొడుకు సిద్ధమే, పంచె మనం కొనాలట' అని నవ్వారాయన.

పోయినవి

రెండోవారం రెండో గడి వంతు.

బోర్డుని ఫ్రిజ్ మీద డబ్బాలో పెడదామని చూస్తే పట్టలేదు. కొలతలు అవే అయినా నెట్ వైరు రేవు ఒకవైపు నుంచి ఇంకోవైపుకి మారింది. పాత డబ్బాకి కోసిన కంతలు పనికిరావు. సరే, ఆకురాయి ఉంది కదా అనుకున్నారు.

తర్వాత స్పీకర్ వైరు పట్టుకుని దాని చుట్టూ రెండుసార్లు తిప్పి చూశారు. గుండ్రటి కంత కనబడలేదు. ఇయర్‌ఫోన్లు గుచ్చుకునే ఆ 3.5 మిల్లీమీటర్ల రేవుని పై 5లో తీసేశారు! పై 4లో ఆ రేవు శబ్దం గొప్పదేమీ కాదు. సంగీత ప్రియులు దాని గురించి ఎప్పుడూ మూతి విరిచేవారే. కానీ ఈ ఇంట్లో కూతురి గొంతు బయటికొచ్చేది ఆ కంతలోంచే. యూఎస్‌బీకి తగిలించే చిన్న సౌండు ముక్క కొంటే పని జరుగుతుంది. అయినా నోటుబుక్‌లో ఆ గీత కాస్త గట్టిగానే పడింది.

అది దాటితే ఎర్ర బటన్. అది నొక్కినా బోర్డుకి తెలియలేదు. వైర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేడా లోపల ఉంది. పై 5లో బటన్లు, లైట్లు కలిపే పిన్నుల బాధ్యత ప్రధాన చిప్పుది కాదు. ఆర్‌పీ1 అనే రెండో చిప్పు చూసుకుంటుంది. దాన్ని రాస్ప్‌బెర్రీ పై ఇంజినీర్లే ఏళ్ల తరబడి కష్టపడి సొంతంగా తయారుచేసుకున్నారు. యూఎస్‌బీ రేవులు చురుగ్గా పనిచేస్తున్నాయంటే దాని పుణ్యమే. అయితే పిన్నులు కొత్త చిప్పు చేతిలోకి వెళ్లడంతో, నేరుగా పాత చిప్పుతో మాట్లాడటానికి అలవాటుపడ్డ పాత లైబ్రరీలకు ఇక్కడ దారి తెలియదు. సారు 2020లో రాసిన ప్రోగ్రాం అలాంటి లైబ్రరీతోనే. ఇల్లు మారిన స్నేహితుడికి పాత చిరునామాకి ఉత్తరాలు రాస్తున్నట్టయింది. కొత్త లైబ్రరీ పెట్టుకుని తిరగరాయడానికి ఓ పూట పట్టింది. ఒకే మార్పు రెండు గడుల్లోనూ పడటం ఆయనకు తమాషాగా తోచింది.

ఆ తర్వాత కరెంటు. పై 5 నిండుగా పనిచేయాలంటే 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు కావాలి. 'మా ఇంట్లో 67 వాట్ల ఫోన్ ఛార్జరుంది సార్, ఇది 27 వాట్లే కదా' అన్నాడు కాలనీ కుర్రాడు. సారు వాణ్ని కూర్చోబెట్టి పాఠం చెప్పారు. వాట్లంటే వోల్టులూ ఆంపియర్ల గుణకారం. ఫోన్ ఛార్జర్లు 9 వోల్టులు, అంతకు పైన ఇచ్చి ఆ వాట్లు చూపిస్తాయి. 5 వోల్టుల దగ్గరకొచ్చేసరికి చాలావాటికి 3 ఆంపియర్లే హద్దు. దాంతో పై 5 నడవకపోదు, నడుస్తుంది. కాకపోతే యూఎస్‌బీ రేవులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే ఇస్తానని చేయి ముడుచుకుంటుంది. కరెంటు పోయినప్పుడు ఆదుకునే పవర్‌బ్యాంకులూ చాలావరకు ఆ 3 ఆంపియర్ల బాపతే.

మిగిలింది వేడి. పై 4 గరిష్ఠంగా 8 వాట్లు తీసుకునే పనిలో పై 5 సుమారు 12 వాట్లు తీసుకుంటుంది. తిన్నదంతా వేడిగా బయటికి రావాల్సిందే కదా! మే నెల, పొయ్యి వెలుగుతున్న వంటిల్లు, ఫ్రిజ్ మీద డబ్బా. ఫ్యాన్ లేకుండా పెద్ద పని అప్పజెప్పి చూస్తే కొద్దిసేపట్లోనే 80 డిగ్రీలు దాటింది. ఆపైన బోర్డు తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అంటే వేగం కోసం కొన్నది వేడికి తగ్గిపోతుందన్నమాట. దీనికోసం చిన్న ఫ్యాన్‌తో కూడిన కూలర్ విడిగా అమ్ముతారు. అది పెట్టాక నిమ్మళించింది. కానీ వంటింట్లో నూనె ఆవిరి, పిండి దుమ్ము. తిరిగే ఫ్యాన్ ఎన్నాళ్లు తిరుగుతుంది?

పదిహేనో రోజు సారు కూడికలు వేశారు. బోర్డు, బ్యాటరీ, కూలర్, 27 వాట్ల ఛార్జరు, సౌండు ముక్క, కొత్త డబ్బా. బోర్డు ధర ఒక ఎత్తు, దాని చుట్టాల ధర ఇంకో ఎత్తు!

మనసు గట్టి చేసుకుని...

కర్మన్‌ఘాట్ పేరు వెనక ఇక్కడివాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. గుడిని పడగొట్టడానికి వచ్చిన ఔరంగజేబుకి లోపలి నుంచి గొంతొకటి వినిపించిందట. కూల్చాలంటే ముందు నీ మనసు గట్టి చేసుకో అని. ఆ 'కర్ మన్ ఘట్' కాస్తా కర్మన్‌ఘాట్ అయిందంటారు. కొత్త వస్తువు చేతిలో ఉండగా పాతదాంతో సరిపెట్టుకోవడానికి కూడా మనసు అంతే గట్టి చేసుకోవాలి. పై 5 మీద సారుకి మోజు పుట్టింది. అది ఆయనే ఒప్పుకున్నారు.

అందుకే నోటుబుక్‌లో ఇంకో పేజీ తిప్పి, మే నెలలో అసలేం జరిగిందో వరసగా రాశారు. కరెంటు పోయింది. నెట్ పోయింది. గడియారం వెనకబడింది. ఇంతవరకూ తప్పు గడియారానిది. కానీ ఆ తర్వాత? ఆమె ఎనిమిదింటికి సూది వేసుకున్నారు. ఆ సంగతి డబ్బాకి చెప్పే దారి లేదు. ఎందుకంటే డబ్బా పిలిచాకే బటన్ పనిచేసేలా ప్రోగ్రాం రాశారు. ముందే నొక్కితే లెక్కలోకి రాదు. పైగా టైము మీద తనకే నమ్మకం లేనప్పుడు కూడా డబ్బా నిబ్బరంగా ఆజ్ఞ జారీ చేసింది.

ఈ రెండు తప్పులూ పై 4వి కావు. పై 5 కొంటే పోయేవీ కావు. 2.4 గిగాహెర్ట్జ్‌తో అదే తప్పు ఇంకా వేగంగా జరుగుతుంది, అంతే!

మర్నాడు ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి, కోఠీ గుజరాతీ గల్లీకి నడిచారు. అక్కడ డీఎస్3231 అనే గడియారం చిప్పున్న చిన్న ముక్క కొన్నారు. బొటనవేలి గోరంత. మూడొందల లోపే. పై 4 పిన్నుల మీద నేరుగా గుచ్చుకుంటుంది. దానిమీదే చిన్న బ్యాటరీ. తయారీదారు హామీ ప్రకారం గది వాతావరణంలో అది ఏడాదికి నిమిషం అటూ ఇటూ తప్పుతుందేమో, అంతకుమించి తప్పదు. ఇంకో మంచి గుణం కూడా ఉంది. బ్యాటరీ అయిపోయి మధ్యలో ఎప్పుడైనా ఆగిపోతే, 'నేను ఆగాను' అని లోపల ఓ గుర్తు పెట్టుకుంటుంది. తన టైముని నమ్మొచ్చో లేదో తనే చెప్పే గడియారమన్నమాట.

తర్వాత ప్రోగ్రాం మీద కూర్చున్నారు. ఇప్పుడు ఎర్ర బటన్ ఎప్పుడు నొక్కినా లెక్కలోకి వస్తుంది. పిలిచే ముందు డబ్బా ఆ లెక్క చూసుకుంటుంది. ఆ పూట బటన్ నొక్కి ఉంటే సూది ఊసెత్తదు. గడియారం మీద అనుమానం ఉంటే ఆజ్ఞ ఇవ్వదు. దానికి వేరే మాటలు కావాలి. డాలస్‌కి ఫోన్ చేశారు.

మొదటి మాట వెంటనే రికార్డు చేసి పంపింది కూతురు. 'అమ్మా, పొద్దుటి సూది వేసుకున్నావా? వేసుకుని ఉంటే మళ్లీ వద్దు. బటన్ నొక్కు.' రెండో మాట చదివి నవ్వింది. 'అమ్మా, నాకు టైము తెలియట్లేదు. నాన్ననో, పక్కింటి అత్తనో అడిగి వేసుకో.'

'ఇదేం మాట నాన్నా?' అంది. ఆ వెంటనే తనే, 'అయినా నిజమే, ఇక్కడుండి అక్కడ టైమెంతో నాకెప్పుడు తెలిసింది గనక' అంది. ఫోన్‌కి రెండువైపులా కాసేపు మాటల్లేవు.

మరి పై 5? దాన్ని శిష్యుడికి తిరిగిచ్చేశారు. కానీ నోటుబుక్‌లో దానికి సున్నా మార్కులు వేయలేదు. పిల్లల బల్ల దగ్గర దానికి సాటి లేదు. అక్కడ స్పీకర్ కంత అక్కర్లేదు, శబ్దం టీవీలోంచే వస్తుంది. ఫ్యాన్‌లో నూనె ఆవిరి పడదు. వేగం మాత్రం రోజూ కావాలి. అందుకే జూన్‌లో బళ్లు తెరిచేలోపు 4 జీబీది ఒకటి, కూలరూ ఛార్జరూ సహా పిల్లల కోసం కొన్నారు. ఎనిమిదో పదహారో జీబీ ఎందుకు తీసుకోలేదని శిష్యుడు అడిగితే, 'పిల్లలకు నాలుగు చాలు. మిగిలిన పైసలతో బటన్లు, లైట్లు, వైర్లు వస్తయి' అన్నారు. అది మంచిదే అయింది. మెమరీ చిప్పుల ధరలు పెరిగాయంటూ 2025 డిసెంబరులో 4 జీబీ పై 5ని 60 నుంచి 70 డాలర్లకి, 8 జీబీది 80 నుంచి 95కి పెంచారు.

కొత్త బోర్డు వచ్చిన ప్రతిసారీ జనం అడిగే ప్రశ్న ఒకటే... 'పాతదానికంటే ఎంత మెరుగు?' సారు నోటుబుక్ చివరి పేజీలో ఆ ప్రశ్న కొట్టేసి ఉంటుంది. దాని కింద 'ఏ గదిలో పెడతాం? ఎవరికోసం?' అని రాసి ఉంటుంది. వంటగదికి ఒక జవాబు, పిల్లల బల్లకి ఇంకో జవాబు.

ఆ వానాకాలంలో ఓ రాత్రి మళ్లీ కరెంటు పోయింది. నెట్ కూడా పోయింది. సారు నిద్రపోలేదు. తెల్లవారాక కరెంటు వచ్చింది. ఆయన చేతి గడియారం చూసుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. సరిగ్గా ఏడున్నరకి ఫ్రిజ్ మీది డబ్బా అడిగింది.

'అమ్మా, పొద్దుటి సూది వేసుకున్నావా?'

'ఇంకా లేదు బిడ్డా, ఇప్పుడే ఏసుకుంట' అన్నారామె, పెన్ను కోసం చేత్తో తడుముకుంటూ. డబ్బాకి చెవులు లేవని ఆమెకు తెలుసు. అయినా రోజూ జవాబు చెప్పాకే ఎర్ర బటన్ నొక్కుతారు.